తిరుపతి కార్పొరేషన్ బడ్జెట్టు: వందల కోట్లుంటే నా ఇంటి పన్ను ఎందుకు పెరిగింది?

మార్చి వస్తే చాలు, మా తిరుపతిలో రెండు విషయాల మీద మాటలు మొదలవుతాయి. ఒకటి కార్పొరేషన్ బడ్జెట్టు, రెండోది ఇంటి పన్ను. కొర్లగుంటలో నేను రోజూ టీ తాగే అంగడి దగ్గర ఒక పెద్దాయన చదువుతున్న పేపరు మడిచి బల్ల మీద పెట్టి, చొక్కా జేబులోంచి పన్ను నోటీసు తీసి దాని పక్కనే పరిచాడు. "ఇందులో చూస్తే వందల కోట్లంటారు. ఇందులో చూస్తే నా దగ్గర ఇంకో మూడొందల అరవై కావాలంటారు. అంత ఉన్నోళ్లకు నాది ఎందుకబ్బా?" అన్నాడు.

చాలా న్యాయమైన ప్రశ్న అది. ఆ రెండు కాగితాల్లోనూ ఉన్నది ఒకే సంస్థ డబ్బే, కానీ ఒకదాంట్లో కనపడే రూపాయికీ రెండోదాంట్లో అడిగే రూపాయికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలిస్తే బడ్జెట్టు సగం అర్థమైనట్టే. ఇందులో తప్పెవరిది ఒప్పెవరిది అని తేల్చే పని నేను పెట్టుకోవడం లేదు, డబ్బు ఎక్కడ పుట్టి ఎటు పోతుందో మాత్రం దారి పట్టుకుని వెళ్దాం.

కార్పొరేషన్ అంటే ఎవరు, ఎవరు కాదు

తిరుపతి మున్సిపాలిటీ 1886లో ఏర్పడింది. 2007లో దాన్ని కార్పొరేషన్ చేశారు. అయితే పేరు మారినంత తొందరగా పాలకవర్గం రాలేదు, కార్పొరేషన్‌గా తొలి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలోనే. అంటే ఎన్నికైన కౌన్సిల్ లేకుండా చాలా ఏళ్లు అధికారుల చేతుల మీదుగానే ఊరు నడిచింది. ఇప్పుడు ఊరు 50 డివిజన్లు, డివిజన్‌కు ఒక కార్పొరేటరు, వాళ్లలోంచి మేయరు, డిప్యూటీ మేయర్లు. వీళ్లు తీర్మానాలు చేస్తారు, బడ్జెట్టును ఆమోదిస్తారు. వాటిని అమలు చేసేది, సిబ్బందిని నడిపించేది కమిషనరు. ఆ కమిషనరును పంపేది రాష్ట్ర ప్రభుత్వం. అందుకే ఒక్కోసారి కౌన్సిల్ ఒక మాట, కమిషనరు ఇంకో మాట అన్నట్టు కనపడుతుంది. చట్టం పెట్టిన ఏర్పాటే అలాంటిది.

దీనికి పునాది 74వ రాజ్యాంగ సవరణ. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణ సంస్థలకు ఇవ్వదగిన పనులు 18 అని 12వ షెడ్యూలులో రాశారు. రోడ్లు, తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు, పార్కులు, పేదల వాడలు, జనన మరణాల నమోదు, ఇట్లా. అయితే ఆ పనులను, వాటికి కావలసిన పన్నుల అధికారాన్ని ఎంతవరకు ఇవ్వాలన్నది రాష్ట్రాల శాసనసభల ఇష్టానికే వదిలేశారు. కథంతా ఈ ఒక్క మెలికలోనే ఉంది. పని పూర్తిగా కింద ఉంది, డబ్బు మీద అధికారం చాలావరకు పైన ఉంది.

తిరుపతిలో ఇంకో గందరగోళం కూడా ఉంది, వేరే ఊళ్లలో ఇంతగా ఉండదు. ఇక్కడ ఊరి పనులు చేసే సంస్థలు నాలుగైదు ఉన్నాయి. కొండ మీద తిరుమల పారిశుద్ధ్యం, నీళ్లు, రోడ్లు టీటీడీవి, కార్పొరేషన్‌కు సంబంధం లేదు. ఊరి చుట్టుపక్కల లేఅవుట్లు, మాస్టర్ ప్లాను తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, చూస్తుంది. తిరుచానూరు, అవిలాల, పేరూరు లాంటివి చూడటానికి ఊళ్లో కలిసిపోయినట్టే ఉంటాయి కానీ పంచాయతీలుగా ఉంటూ వచ్చాయి. రోడ్డుకు ఇటుపక్క ఇల్లు కార్పొరేషన్‌కు పన్ను కడుతుంది, అటుపక్క ఇల్లు పంచాయతీకి కడుతుంది, మధ్యలో కాలువ మాత్రం ఒకటే. వీటికి తోడు స్మార్ట్ సిటీ కంపెనీ. కేంద్రం 2016లో తిరుపతిని ఆ పథకానికి ఎంపిక చేశాక తిరుపతి స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్ అని విడిగా ఒక కంపెనీ పెట్టారు. దాని లెక్కలు దానివే.

శ్రీనివాస సేతునే తీసుకోండి. 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచిన ఆ పైవంతెన ఊరి మధ్యలోనే వెళ్తుంది, చూసినవాళ్లంతా కార్పొరేషన్ కట్టిందనే అనుకుంటారు. దానికి అయిన ఖర్చులో సుమారు 67 శాతం టీటీడీది, 33 శాతం స్మార్ట్ సిటీ కంపెనీది. పెద్దాయన ఇంటి పన్ను అందులో పడలేదు. అట్లాగే ఆ వంతెనకు దొరికిన డబ్బుతో ఆయన వీధి కాలువకు మూత వేయడమూ కుదరదు.

పన్నెండు నెలల పని

డబ్బు సంగతికి వచ్చే ముందు పని సంగతి చూడాలి, లేకపోతే ఖర్చు అర్థం కాదు.

తెల్లవారుజామున అయిదు గంటలకు బస్టాండు ఎదుట శ్రీనివాసం దగ్గర నిలబడితే ఈ ఊరి పారిశుద్ధ్యం ఎలాంటిదో తెలుస్తుంది. కొండ దిగిన గుండ్లు, కొండెక్కబోయే కుటుంబాలు, కాళ్ల దగ్గర సంచులు, పేపరు కప్పులు, టిఫిన్ పొట్లాల కవర్లు, వాటర్ బాటిళ్లు. ఒకామె తోపుడుబండి పక్కన పెట్టి పొడుగు చీపురుతో ఫుట్‌పాత్ వారగా ఊడ్చుకుంటూ పోతుంది. ఆమె యాభై అడుగులు దాటేలోగా వెనక ఇంకో బస్సు వచ్చి ఆగుతుంది, అదే జాగాలో మళ్లీ కప్పులు. మేస్త్రీ వచ్చి హాజరు చూసుకుని పోయేటప్పటికి ఆమె మూడోసారి అదే ఫుట్‌పాత్ ఊడుస్తోంది. వేరే ఊళ్లో ఒక వీధిని రోజుకు ఒకసారి ఊడిస్తే సరిపోతుంది. ఇక్కడ కొన్ని వీధులు రాత్రిపూట కూడా ఊడవాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం కార్పొరేషన్ పరిధిలో ఉన్నది 2.87 లక్షల మంది. ఏడాదికి శ్రీవారి దర్శనం చేసుకునేవాళ్లు రెండున్నర కోట్ల దాకా ఉంటారు, అంటే రోజుకు సుమారు 70 వేల మంది. వాళ్లలో చాలామంది కొండ ఎక్కే ముందో దిగాకో ఊళ్లో అడుగు పెడతారు, నీళ్లు తాగుతారు, మరుగుదొడ్డి వాడతారు, చెత్త వదులుతారు. గ్రాంట్లు జనాభా లెక్కన వస్తాయి. పని మాత్రం ఈ జనం లెక్కన ఉంటుంది.

ఏడాది పొడవునా పనికి ఒక వరస ఉంది. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ల టెన్షన్. ఊరికి నీళ్లు తెలుగుగంగ ద్వారా కండలేరు నుంచి, ఇంకా కళ్యాణి డ్యామ్ నుంచి వస్తాయి. అంత దూరం నుంచి తోడి, శుద్ధి చేసి, ట్యాంకులు ఎక్కించడానికి కరెంటు బిల్లే మోపెడవుతుంది. మేలోనే గంగమ్మ జాతర, తాతయ్యగుంట చుట్టుపక్కల వారం రోజులు పగలు రాత్రి మనుషుల్ని పెట్టాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలు. ఆ వెంటనే ఈశాన్య రుతుపవనాలు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడతాయి కాబట్టి కాలువల పూడికతీత వాటికి ముందే అయిపోవాలి. 2021 నవంబరు వానలు గుర్తున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. శ్రీకృష్ణనగర్‌లో ఒక ఇంట్లో భూమిలో ఉన్న సిమెంటు వరల నీళ్ల ట్యాంకు ఉన్నపళంగా పైకి లేచి నిలబడింది, ఊరంతా వెళ్లి చూసింది. జనవరి నుంచి మళ్లీ పన్ను వసూళ్లు, వచ్చే ఏడాది బడ్జెట్టు తయారీ.

వీటికి తోడు రోజువారీ పని ఉండనే ఉంది. చెత్త బండ్లు ఊరి బయట ఉన్న తూకివాకం పోవాలి. తడి చెత్త నుంచి ఎరువు, గ్యాసు, కూల్చిన ఇళ్ల శిథిలాల నుంచి ఇటుకల లాంటివి తయారుచేసే ప్లాంట్లు అక్కడే ఉన్నాయి, మురుగునీటి శుద్ధి కూడా అక్కడే. ఆ బండ్లకు డీజిలు కావాలి, తోలేవాళ్లకు జీతాలు కావాలి.

పెద్దాయన నోటీసులో లెక్క

కార్పొరేషన్ తన చేత్తో వసూలు చేసుకునే వాటిలో పెద్దది ఆస్తి పన్ను. ఒకప్పుడు ఆ ఇంటికి ఏడాదికి అద్దె ఎంత వస్తుందో అంచనా కట్టి దాని మీద వేసేవాళ్లు. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి మూలధన విలువ మీద వేయడం మొదలుపెట్టారు. మూలధన విలువ అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలోని రేటు ప్రకారం స్థలం విలువ, దానికి కట్టడం విలువ కలిపితే వచ్చేది. ఇళ్లకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య, అంగళ్లు, లాడ్జీల లాంటి వాటికి 0.20 నుంచి 2 శాతం మధ్య పన్ను వేసుకోవచ్చన్నారు. ఒకేసారి భారం పడకుండా, ఏ ఏడాదైనా అంతకు ముందు ఏడాది పన్ను మీద పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. సొంతానికి ఉంటున్న చిన్న ఇల్లు, 375 చదరపు అడుగుల లోపైతే, ఏడాదికి 50 రూపాయలే.

ఒక ఇంటిని ఊహించుకుని లెక్క వేద్దాం. 25 అంకణాల స్థలం. మన తిరుపతి లెక్కలో అంకణం అంటే 36 చదరపు అడుగులు కాబట్టి అది 100 గజాలు. గజం 20 వేలు అనుకుంటే స్థలం 20 లక్షలు, తరుగు తీసేశాక కట్టడం ఇంకో 10 లక్షలు అనుకుందాం, మొత్తం 30 లక్షలు. 0.15 శాతం రేటైతే ఏడాదికి 4,500 రూపాయలు. కానీ పాత పన్ను, పెద్దాయన నోటీసులో ఉన్నట్టే, 2,400 ఉందనుకోండి. 15 శాతం పరిమితి వల్ల మొదటి ఏడాది 2,760, తర్వాత 3,174, ఆ తర్వాత 3,650, నాలుగో ఏడాది 4,198, అయిదో ఏడాదికి 4,500 దగ్గర ఆగుతుంది. పెద్దాయన చెప్పిన 360 రూపాయలు ఈ మొదటి మెట్టు లాంటిదే. ఆయన ఏదో ఒక్కసారి పెంచారనుకున్నాడు, నిజానికి అది నాలుగైదేళ్లు ఎక్కే నిచ్చెన.

వడ్డీ లెక్క కూడా తెలిసి ఉండాలి. పన్ను ఆరు నెలలకొకసారి కట్టాలి. ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది, 2,760లో 138 రూపాయలు. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ. వార్డు సచివాలయంలోనూ ఆన్‌లైన్‌లోనూ ఏప్రిల్ చివరి వారంలో అంత రద్దీ ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందిగా. ఇక పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది. వసూలు చేసేది కార్పొరేషనే అయినా ఆ పైసలు దానివి కావు.

ఈ పద్ధతి మంచిదా కాదా అన్నదాని మీద రెండు వాదనలు ఉన్నాయి, రెండింటిలోనూ బలం ఉంది. పాత పద్ధతిలో పక్కపక్క ఇళ్లకు, ఒకే సైజు ఇళ్లకు వేర్వేరు పన్నులు పడేవి, అంచనా కట్టే మనిషిని బట్టి మారేవి. కొత్తదాంట్లో అందరికీ ఒకే పుస్తకం. పైగా 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు రావాలంటే రాష్ట్రాలు ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలని, వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధితో పాటు పెరగాలని కేంద్రం షరతు పెట్టింది, కాబట్టి రాష్ట్రానికీ పెద్దగా దారి లేకపోయింది. అవతలి వాదన ఏమంటే, భూమి విలువ పెరిగింది అంటే ఇంటాయన చేతికి డబ్బు వచ్చిందని కాదు. బైరాగిపట్టెడలో తాత కట్టిన ఇంట్లో పింఛనుతో బతికే ఆమెకు స్థలం కోటి పలికినా నెల ఆదాయం పెరగదు, అమ్మితే తప్ప. అద్దె లెక్కలో కనీసం ఆ ఇంటి నుంచి వచ్చే ఆదాయానికీ పన్నుకీ ఏదో బంధం ఉండేది. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేం.

మిగతా దారులు

రిజిస్ట్రేషన్ దగ్గర కార్పొరేషన్‌కు వచ్చే వాటా గురించి చాలామందికి తెలియదు. ఎవరైనా 40 లక్షల ఫ్లాటు కొంటే 5 శాతం స్టాంపు డ్యూటీ 2 లక్షలు, 1 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు 40 వేలు రాష్ట్రానికి పోతాయి. దాంతో పాటు 1.5 శాతం బదిలీ సుంకం, అంటే 60 వేలు, స్థానిక సంస్థకు చెందాల్సినది. అయితే అది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రాష్ట్రం వసూలు చేసి తర్వాత సర్దుతుంది. ఎప్పుడు సర్దుతారన్న దాన్ని బట్టి కార్పొరేషన్ చేతిలో డబ్బు ఉందా లేదా అన్నది ఆధారపడుతుంది. వృత్తి పన్ను కూడా అంతే, వసూలు పైన, వాటా కింద. దానికి రాజ్యాంగమే ఏడాదికి మనిషికి 2,500 దాటకూడదని హద్దు పెట్టింది.

కుళాయి చార్జీలు, ఖాళీ స్థలాల పన్ను, భవన అనుమతుల ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు, కార్పొరేషన్ అంగళ్ల అద్దెలు, మార్కెట్ వేలాలు, ఇవన్నీ సొంత ఆదాయమే. వీటిలో భవన అనుమతుల ఫీజును నమ్ముకోవడానికి లేదు. రియల్ ఎస్టేట్ ఊపు మీద ఉన్న ఏడాది దండిగా వస్తుంది, చల్లబడిన ఏడాది సగం కూడా రాదు.

పన్ను పడని ఆస్తులు కూడా ఊళ్లో చాలా ఉన్నాయి. గుళ్లు, మసీదులు, చర్చిలకు మినహాయింపు. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం పన్ను వేయకూడదు, మహా అయితే సేవా చార్జీలు అడగొచ్చు, రైల్వే స్టేషన్ అందులోకే వస్తుంది. గుళ్లూ సత్రాలూ రైల్వే భూములూ ఇన్ని ఉన్న ఊళ్లో పన్ను పడే నేల ఆ మేరకు తగ్గిపోతుంది.

ఇక గ్రాంట్లు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన దాంట్లో మనలాంటి, పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు వచ్చే ప్రతి 10 రూపాయల్లో 6 రూపాయలకు ముందే పేరు పెట్టేశారు, 3 తాగునీటి పనులకు, 3 పారిశుద్ధ్యానికి. మిగతా 4 ఊరి అవసరానికి వాడుకోవచ్చు, కానీ జీతాలకు వాడకూడదు. లెక్కలు ఆడిట్ చేయించి ఆన్‌లైన్‌లో పెట్టకపోతే అసలు రానేరావు.

వంద రూపాయల్లో చేతికి మిగిలేది

ఇప్పుడు పేపర్లో పడే ఆ పెద్ద అంకె దగ్గరికి వద్దాం. ఇది ఏ ఊరి అసలు లెక్కా కాదు, అర్థం కావడానికి నేను వేసిన లెక్క. బడ్జెట్టు 100 రూపాయలు అనుకుందాం. అందులో 15 ప్రారంభ నిల్వ, అంటే నిరుడు ఖర్చు కాక మిగిలింది. 10 డిపాజిట్లు, కాంట్రాక్టర్లు కట్టిన ధరావతు లాంటివి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. 30 గ్రాంట్లు, ఎక్కువ భాగం పేరు పెట్టి వచ్చినవి. మిగిలిన 45 సొంత ఆదాయం.

ఆ 45లో పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, మిగతా ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కలిపి 20 పోతాయి. నీళ్ల పంపింగ్, వీధి దీపాల కరెంటు బిల్లు 10. బండ్లు, డీజిలు, మరమ్మతులు 6. ఆఫీసు ఖర్చులు, పాత అప్పుల వాయిదాలు 4. మిగిలింది 5 రూపాయలు. దాన్ని 50 డివిజన్లకు పంచితే డివిజన్‌కు పది పైసలు. వీధి కాలువకు మూత వేయాలన్నా, కల్వర్టు కట్టాలన్నా, కార్పొరేటరు కౌన్సిల్లో లేచి గట్టిగా అడిగేది ఆ పది పైసల గురించే. పెద్దాయన పేపర్లో చూసింది 100, ఆయన వీధికి వర్తించేది 5లో ఒక ముక్క.

సొంతంగా వసూలైన డబ్బును ఖర్చు చేయడంలోనూ ఒక చిక్కు ఉంది. మున్సిపాలిటీల నిధులు చాలాకాలంగా రాష్ట్ర ఖజానాలోని పీడీ ఖాతాల్లో, అంటే ఆ సంస్థ పేరు మీద ఖజానాలోనే ఉండే ఖాతాల్లో, ఉంటూ వచ్చాయి. 2018లో సీఎఫ్‌ఎంఎస్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల పద్ధతి వచ్చాక బిల్లు అందులోంచి వెళ్లాలి. రాష్ట్రం వైపు చూస్తే ఇందులో లాభం ఉంది, ఎవరికి ఎంత ఇచ్చారో ఒకేచోట కనపడుతుంది, నిధుల దుర్వినియోగం కష్టమవుతుంది. ఊరి వైపు చూస్తే, ఖాతాలో డబ్బు ఉండి కూడా పైన ఖజానా బిగుసుకుంటే కింద బిల్లు ఆగుతుంది. బిల్లు ఆగిన కాంట్రాక్టరు తర్వాతి టెండరుకు ముందుకు రాడు.

డబ్బు లేకుండా జరిగే ఖర్చు కూడా ఒకటి ఉంది, టీడీఆర్ బాండ్లు. రోడ్డు వెడల్పు చేయడానికి మీ స్థలం తీసుకుంటే నగదు బదులు బాండు ఇస్తారు. దాన్ని పెట్టి వేరేచోట మామూలు పరిమితికి మించి అంతస్తు వేసుకోవచ్చు, లేదా బిల్డరుకు అమ్ముకోవచ్చు. తిరుపతిలో మాస్టర్ ప్లాన్ రోడ్లు చాలావరకు ఈ దారిలోనే వచ్చాయి. కార్పొరేషన్ ఖాతాలో రూపాయి కదలదు కాబట్టి బడ్జెట్టులో ఇది కనపడదు, కానీ రేపు ఆ అదనపు అంతస్తుల వాళ్లకు నీళ్లు, మురుగు కాలువ ఇవ్వాల్సింది కార్పొరేషనే.

భక్తుల ఖర్చు ఎవరు భరించాలి

అన్నింటికంటే పెద్ద వాదన ఇది. నాకు బాగా పట్టే విషయం కూడా ఇదే, ఎందుకంటే ఇది వేరే ఏ ఊరికీ ఈ స్థాయిలో లేదు. చిత్తూరు కూడా 50 డివిజన్ల కార్పొరేషనే, కానీ అక్కడ రోజూ 70 వేల మంది వచ్చిపోరు.

భక్తుడు ఊళ్లో పెట్టే ఖర్చు మీద పన్నులు పడతాయి, కానీ ఎవరికి? లాడ్జి గది అద్దె మీద, హోటల్ భోజనం మీద జీఎస్టీ సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి. అలిపిరి టోల్ టీటీడీకి. రైలు టిక్కెట్టు రైల్వేకి. ఊరికి నేరుగా దక్కేది ఆ లాడ్జి కట్టే ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు. గది నిండినా ఖాళీగా ఉన్నా ఆస్తి పన్ను ఒకటే, చెత్త మాత్రం గది నిండిన రోజున పెరుగుతుంది.

ఈ నేపథ్యంలోనే 2023 అక్టోబరులో అప్పటి టీటీడీ పాలకమండలి తన వార్షిక బడ్జెట్టులో 1 శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానం చేసింది. ఆ ఏడాది టీటీడీ బడ్జెట్టు 4,411 కోట్లు, 1 శాతం అంటే 44 కోట్లు. బడ్జెట్టు వందల కోట్లైనా చేతికి మిగిలేది పై లెక్కలోలా నూటికి 5 లాంటిదే అనుకుంటే, ఇది ఎంత పెద్ద మొత్తమో తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రతిపాదనను ఒప్పుకోలేదు. టీటీడీ డబ్బును ఊరి పారిశుద్ధ్యానికి వాడటం మీద గొడవ హైకోర్టు దాకా వెళ్లింది.

ఇవ్వాలనేవాళ్లు చెప్పేది: భక్తుడు కొండ మీద ఉన్నా కింద ఉన్నా భక్తుడే, బస్టాండులో దిగిన దగ్గర్నుంచి అతనికి శుభ్రమైన దారి, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఇవ్వడం స్వామి సేవలో భాగమే. ఆ భారం కొర్లగుంట, సత్యనారాయణపురం వాళ్ల ఇంటి పన్ను మీద వేయడం న్యాయం కాదు. పైగా గోవిందరాజస్వామి గుడి, వసతి సముదాయాలు, టీటీడీ ఆఫీసులు ఉన్నవి ఊరి మధ్యలోనే కదా.

వద్దనేవాళ్లు చెప్పేది: హుండీలో పడింది భక్తుడు స్వామికి ఇచ్చిన కానుక, రోడ్డు వేయమని ఇచ్చింది కాదు. దాన్ని ఎందుకు వాడాలో దేవాదాయ చట్టంలో ఉంది. ఒక్కసారి శాతం అని రాసిపెడితే రేపు రెండు శాతం అడుగుతారు, ఎన్నికలప్పుడు అది రాజకీయ నాయకుల చేతి డబ్బైపోతుంది. పైగా టీటీడీ ఊరికి ఏమీ చేయడం లేదని కాదు. బర్డ్ ఆసుపత్రి, స్విమ్స్ ఆసుపత్రికి సాయం, కాలేజీలు, శ్రీనివాస సేతులో మూడింట రెండు వంతులు, ఇవన్నీ ఉన్నాయి.

మధ్యలో ఇంకో ఆలోచన వినపడుతుంది, కానుక సొమ్ములో శాతం అనకుండా, సేవకు వెల అనడం. అంటే ఫలానా వీధులు, ఫలానా వసతి గృహాల చుట్టూ ఇంత పని చేస్తున్నాం, దానికి ఇంత అని బిల్లు. రైల్వే సేవా చార్జీలది ఇదే సూత్రం. దీనికి లెక్క తేలాలి, ఊరి చెత్తలో భక్తుల వాటా ఎంత, ఊరి జనం వాటా ఎంత అని. బస్టాండు దగ్గర చీపురు పట్టుకున్న ఆమె తోపుడుబండిలో ఆ రెండూ కలిసే ఉంటాయి.

చెత్త పన్ను వచ్చింది, పోయింది

2021 అక్టోబరులో రాష్ట్రమంతా క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద చెత్త బండ్లు వచ్చాయి, వాటితో పాటే ఇంటికి నెలకు 120 రూపాయల దాకా యూజర్ చార్జీ వచ్చింది. జనం దానికి పెట్టిన పేరు చెత్త పన్ను. ఆస్తి పన్ను కడుతున్నదే ఇందుకు కదా, మళ్లీ ఇదేమిటి అన్నది ఇంటివాళ్ల మాట. పేదవాడ ఇంటికి నెలనెలా ఆ డబ్బు భారమే. వాడినంత కట్టడం సబబు, బండ్ల అద్దెలు వేరే ఎక్కడి నుంచి తేవాలి అన్నది అటువైపు మాట. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. పన్ను పోయింది కానీ బండి తిరగడం ఆగలేదు, కాబట్టి ఆ ఖర్చు మళ్లీ పైన చెప్పిన 45 రూపాయల్లోకి వచ్చి చేరింది.

ఆ ఖర్చులో పెద్ద భాగం మనుషులే. 2023 డిసెంబరు చివర మున్సిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మెకు దిగినప్పుడు వాళ్లు అడిగింది ప్రధానంగా వేతనాల పెంపు, పర్మినెంటు చేయడం. వాళ్ల జీతం పెరగాలన్నదీ, పన్ను పెరగకూడదన్నదీ ఒకే వీధి నుంచి వినపడే మాటలే, రెండింటికీ డబ్బు రావాల్సింది ఒకే సంచిలోంచి.

పక్క పంచాయతీలను కలిపితే

చుట్టూ ఉన్న పంచాయతీలను కలిపి పెద్ద తిరుపతి చేయాలన్న మాట చాలాకాలంగా ఉంది. కలిపితే పన్ను పడే ఇళ్లు, లేఅవుట్లు పెరుగుతాయి, జనాభా పెరిగి గ్రాంటు పెరుగుతుంది, కాలువకు ఇటొకరు అటొకరు అన్న బాధ పోతుంది. కలవబోయే ఊళ్ల వాళ్లు అడిగేదీ సబబే. పన్ను మొదటి నుంచే పెరుగుతుంది, పైపులైను ఎప్పుడొస్తుందో తెలియదు, ఉపాధి హామీ పని గ్రామాలకే కాబట్టి అది పోతుంది, సర్పంచి ఇంటికి నడిచి వెళ్లి అడిగే వీలు పోతుంది. కార్పొరేషన్‌కు కూడా మొదటి కొన్నేళ్లు ఖర్చే ముందు వస్తుంది, మురుగు పైపులు లేని ఊళ్లలో పైపులు వేయాలి కదా.

బడ్జెట్టు పుస్తకంలో మూడు గళ్లు

పేపర్లలో వచ్చేది మొదటి గడి అంకె, వచ్చే ఏడాది అంచనా. అసలు బడ్జెట్టు పుస్తకంలో దాని పక్కన ఇంకో రెండు ఉంటాయి, నడుస్తున్న ఏడాదికి సవరించిన అంచనా, అంతకు ముందు ఏడాది నిజంగా అయినది. మూడూ కలిపి చూస్తే కథ మారిపోతుంది. ఉదాహరణకు కాలువల పూడికతీత అనే పద్దు కింద రెండేళ్ల కిందట బడ్జెట్టులో 2 కోట్లు అని రాశారనుకోండి. ఆ ఏడాది నిజంగా అయిన ఖర్చు గడిలో 70 లక్షలు ఉంటుంది. నడుస్తున్న ఏడాదికి కూడా 2 కోట్లే అని మొదలుపెట్టి సవరణలో 1 కోటి 20 లక్షలకు దించి ఉంటారు. వచ్చే ఏడాది అంచనాలో మళ్లీ 2 కోట్లు ఉంటుంది. ఆదాయం వైపు ఆస్తి పన్ను బకాయిల పద్దులోనూ ఇలాగే జరుగుతుంది, వసూలవుతుందని రాసింది ఒకటి, వచ్చింది ఒకటి. ఆదాయాన్ని ఎక్కువగా రాస్తే ఖర్చునూ ఎక్కువగా రాయొచ్చు, కాగితం మీద చివరికి మిగులే కనపడుతుంది. అనుకున్నంత రాకపోతే జీతాలు ఆపలేరు, కరెంటు బిల్లు ఆపలేరు, అందుకని కోత పడేది పూడికతీత, కల్వర్టు, కాలువ మూత మీదే.

ఆ రోజు టీ అంగడి దగ్గర పెద్దాయనకు ఈ మూడు గళ్ల సంగతి చెప్పాను. ఆయన నోటీసు మళ్లీ చేతిలోకి తీసుకుని, 2,760 అన్న అంకె మీద వేలు పెట్టి, "అంటే ఇది మూడో గడిలో పడేదన్నమాట" అన్నాడు. అవును, ఆయన కట్టేది అంచనా కాదు, నిజంగా జమ అయ్యే డబ్బు. ఏప్రిల్ 30 లోపు కడితే 2,622.